39 ఏళ్ళకు తొలి కాన్పు: ఓడ ఉద్యోగం, తగ్గిన అండాలు, చేతిలో ఉన్న నెలలు – ఒక కేస్ స్టడీ

విశాఖపట్నం, మధురవాడకు చెందిన దంపతులు. ఆమెకు 38 ఏళ్ళ 2 నెలలు, రుషికొండ వైపు ఐటీ ఆఫీసులో ఉద్యోగం. ఆయనకు 41, సరకు ఓడల్లో ఇంజిన్ విభాగం అధికారి. పెళ్ళయి అయిదేళ్ళు. మొదటి రెండేళ్ళు పిల్లలు వద్దనుకుని కండోమ్ వాడారు. ఫ్లాట్ లోన్, ఆమె ప్రమోషన్, ఆయన పై ర్యాంకు పరీక్షలు అన్నీ ఆ రెండేళ్ళలోనే. ఆ తర్వాత మూడేళ్ళుగా ప్రయత్నిస్తున్నా నిలవలేదన్నది వాళ్ళు చెప్పిన సమస్య. ఇలాంటి కేసుల్లో పదే పదే ఎదురయ్యే అంశాలను ఒకచోట చేర్చి రాసిన కేసు ఇది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా రాశాం.

ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 1.7కి దిగింది. అయినా పల్లెల్లో చాలామందికి తొలి కాన్పు ఇరవైల్లోనే అయిపోతోంది, పాతికేళ్ళకే పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ అయిపోతోంది. ఆలస్యంగా కనే ధోరణి నగరంలో, చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళలో కనిపిస్తోంది. విశాఖలో దీనికి ఓడ ఉద్యోగం, నేవీ ఉద్యోగం, షిఫ్టు డ్యూటీలు కూడా తోడవుతాయి. ఆలస్యం చేశారని దంపతులను తప్పుపట్టడానికి ఈ కేసు రాయడం లేదు. ఆలస్యం అయ్యాక కూడా వైద్యం పేరుతో మరికొన్ని నెలలు పోతున్నాయి. ఆ నెలలు ఎక్కడెక్కడ పోతాయో, వాటిని ఎలా కాపాడుకోవచ్చో చూపించడమే ఉద్దేశం.

మూడేళ్ళు అంటే ఎన్ని నెలలు?

ఓడ ఉద్యోగి భార్య "మూడేళ్ళుగా ప్రయత్నిస్తున్నాం" అన్నప్పుడు ఆ మాటను అలాగే కేస్ షీట్‌లో రాసుకోకూడదు. ఆయన సీడీసీ పుస్తకం (ఓడ ఉద్యోగి సర్వీసు రికార్డు) అడిగి చూడాలి. ఎప్పుడు ఓడ ఎక్కారు, ఎప్పుడు దిగారు అన్నది అందులో స్టాంపులతో సహా ఉంటుంది. పక్కన ఆమె ఫోన్‌లోని నెలసరి తేదీలు పెట్టుకుంటే, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, అండం విడుదలకు ముందు అయిదు రోజులు, విడుదలైన రోజు కలిపి ఆ ఆరు రోజుల్లో కలిసిన నెలలు ఎన్నో తేలిపోతుంది. ఈ కేసులో 36 నెలల్లో ఆయన ఇంట్లో ఉన్నవి 14. వాటిలో కొన్ని ఆమె ఆఫీసు పని మీద హైదరాబాద్‌లో ఉన్న నెలలు, కొన్ని పెళ్ళిళ్ళకూ ఊళ్ళకూ పోయినవి. నిజంగా అవకాశం ఉన్నవి తొమ్మిది నెలలు.

ఈ లెక్కతో నిర్ణయమే మారవచ్చు. ముప్పై ఏళ్ళ స్త్రీకి తొమ్మిది నెలల్లో నిలవకపోతే ఇంకొన్నాళ్ళు చూడమని చెప్పొచ్చు. ఆ వయసులో నెలకు సుమారు 20 శాతం అవకాశం ఉంటుంది. నలభైకి వచ్చేసరికి అది 5 శాతం దగ్గరికి పడిపోతుంది. అందుకే 35 లోపు వాళ్ళకు ఏడాది, 35 దాటితే ఆరు నెలలు, 40 దాటితే వెంటనే పరీక్షలు మొదలుపెట్టాలన్న నియమం. తొమ్మిది నెలలే అనుకున్నా ఆమె ఈ గడువు దాటిపోయింది.

మా దగ్గరికి రాకముందు జరిగిన వైద్యం చూస్తే: రెండేళ్ళ కిందట ఒకచోట ఏఎంహెచ్ (అండాశయాల్లో మిగిలిన అండాలను అంచనా వేసే హార్మోన్) పరీక్ష చేశారు, 1.1 వచ్చింది. తక్కువగా ఉందని డీహెచ్‌ఈఏ, కోఎంజైమ్ క్యూ10 మాత్రలు ఎనిమిది నెలలు వాడించారు. ఏడాది తర్వాత ట్యూబుల ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. ఆయన ఓడ మీద ఉన్నారని వీర్యపరీక్ష వాయిదా పడింది. మధ్యలో ఆయన రెండుసార్లు ఇంటికి వచ్చి వెళ్ళినా దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె వయసు మాత్రం రెండేళ్ళు పెరిగింది.

ఏఎంహెచ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క సంఖ్య పట్టుకుని ఎంతోమంది దంపతులు బెంగ పెట్టుకుంటున్నారు. మందులు ఇస్తే ఒక్క సైకిల్‌లో సుమారు ఎన్ని అండాలు చేతికి రావచ్చో ఆ పరీక్ష చెబుతుంది. అండం నాణ్యత సంగతి వయసును బట్టే తెలుస్తుంది. 2017లో జామా పత్రికలో వచ్చిన అధ్యయనంలో, సంతానలేమి చరిత్ర లేని 30–44 ఏళ్ళ స్త్రీలలో ఏఎంహెచ్ తక్కువున్నవారికీ మామూలుగా ఉన్నవారికీ సహజంగా గర్భం నిలిచే అవకాశంలో తేడా కనిపించలేదు. కాబట్టి ఏఎంహెచ్ 1.1 రాగానే చేయాల్సింది మాత్రలతో దాన్ని పెంచాలని చూడడం కాదు; మిగతా పరీక్షలన్నీ ఆ నెలలోనే పూర్తి చేయడం.

ఒక్క నెలసరిలో అన్ని పరీక్షలు

మేం పాటించే క్రమం ఇది. నెలసరి రెండో రోజు ఉదయం రక్తం: ఎఫ్ఎస్‌హెచ్ (అండాలను పెంచే హార్మోన్), ఈస్ట్రడయాల్, ఏఎంహెచ్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ప్రొలాక్టిన్, హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్), హిమోగ్లోబిన్, క్రియాటినిన్, రుబెల్లా ఐజీజీ, బ్లడ్ గ్రూప్, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి. అదే రోజు లోపలి స్కాన్‌లో ఆంట్రల్ ఫాలికల్స్ (అండాలు పెరిగే చిన్న నీటి సంచులు) లెక్క. ఆ వారంలోనే వీర్యపరీక్ష. 7–10 రోజుల మధ్య ట్యూబుల పరీక్ష, పాత ఫిల్ములు చేతిలో ఉంటే దాన్ని వదిలేయొచ్చు. హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్ష) కూడా అందరికీ ఒకసారి చేయాలి. పాడేరు, అరకు ఏజెన్సీ మూలాలున్న కుటుంబాల్లో సికిల్ సెల్ లక్షణం, మిగతావారిలో తలసీమియా లక్షణం బయటికి తెలియకుండా ఉండిపోతాయి. మేనరికం పెళ్ళయితే జన్యు సలహా కూడా ఇప్పుడే.

వీర్యం నమూనా విషయంలో విశాఖ దూరాలు గుర్తుంచుకోవాలి. ఇంట్లో తీసిన నమూనా గంటలోపు, వీలైతే అరగంటలోనే ల్యాబ్ చేరాలి. గాజువాక నుంచి ఎన్ఏడీ కొత్తరోడ్డు మీదుగా నగరంలోకి పొద్దున్న వచ్చేవాళ్ళకు ఆ గంట దారిలోనే అయిపోతుంది. ఏసీ కారులో చల్లబడినా కదలిక తక్కువగా కనిపిస్తుంది. అందుకే ల్యాబ్‌లోనే ఇవ్వమంటాం. 2 నుంచి 7 రోజుల ఎడం ఉండాలి. డబ్బాలో మొదటి చుక్కలు పడకుండా పోతే ఆ మాట తప్పనిసరిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కణాలు ఉండేది ఆ భాగంలోనే.

ఫలితాలు: ఎఫ్ఎస్‌హెచ్ 9.1, ఏఎంహెచ్ 0.9 నానోగ్రాములు, ఫాలికల్స్ కుడివైపు 3, ఎడమవైపు 4. టీఎస్‌హెచ్ 5.8. హెచ్‌బీఏ1సీ 6.2, అంటే షుగర్ అంచు. బీపీ 138/88, అదీ టెల్మిసార్టన్ 40 మి.గ్రా. మాత్ర మీద. బీఎంఐ 29. గర్భసంచి గోడలో 3 సెం.మీ. ఫైబ్రాయిడ్, లోపలి పొరను నొక్కడం లేదు. రుబెల్లా రక్షణ లేదు. ఆయన వీర్యంలో మి.లీ.కు 1.1 కోట్ల కణాలు, ముందుకు కదిలేవి 22 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణం ప్రకారం దిగువ హద్దులు 1.6 కోట్లు, 30 శాతం.

ఆయన ఓడ దిగి మూడు వారాలే అయింది. ఓడలో ఉండగా ఎక్కువ జ్వరం వచ్చింది, పైగా ఇంజిన్ రూమ్ వేడి. వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఆ జ్వరం ప్రభావం ఇప్పటి నమూనాలో కనిపించడం సహజం. మూడు నెలలాగి మళ్ళీ చేస్తే అంకెలు మెరుగుపడొచ్చు. కానీ ఆయన ఇంట్లో ఉండేది ఇంకో పదమూడు వారాలు. పరీక్ష బాగా వచ్చేదాకా ఆగితే, బాగా వచ్చిన రోజున ఆయన మళ్ళీ ఓడ ఎక్కుతారు.

ఫైబ్రాయిడ్‌ను తీయలేదు. లోపలి పొరను వంచని 3 సెం.మీ. గడ్డను తీస్తే లాభం రుజువు కాలేదు. తీస్తే గర్భసంచి మానడానికి నెలలు పోతాయి, కాన్పు సిజేరియన్ వైపు మొగ్గే అవకాశమూ పెరుగుతుంది. బయట రెండుచోట్ల ఆపరేషన్ చేయించుకోమన్నారని ఆమె చెప్పింది. ఈ వయసులో, ఈ సైజుకు, ఆ సలహాను మేం ఒప్పుకోం.

ముందు పిండాలు, తర్వాత శరీరం

మామూలుగా అయితే థైరాయిడ్, బీపీ, షుగర్, రుబెల్లా సరిచేసి, ఆ తర్వాత గర్భం కోసం ప్రయత్నిస్తాం. అవన్నీ సర్దుకోవడానికి మూడు నెలలు కావాలి. ఇక్కడ ఆ మూడు నెలలు అండాలకూ లేవు, భర్త సెలవుకూ లేవు. కాబట్టి క్రమం తిరగేశాం: ఆయన ఉన్నన్నాళ్ళలో రెండు సైకిళ్ళు అండాలు తీసి, పిండాలు చేసి, ఫ్రీజ్ చేయడం, ఆ సమయంలోనే శరీరాన్ని సిద్ధం చేసుకుంటూ పోవడం, అన్నీ సరిగ్గా ఉన్న నెలలో, ఆయన ఓడ మీద ఉన్నా సరే, పిండాన్ని లోపల పెట్టడం.

ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతి) ఎందుకు చేయలేదని అడుగుతారు. 38–42 ఏళ్ళ స్త్రీలతో జరిగిన ఫోర్ట్-టీ అధ్యయనంలో నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్ళినవారికి తక్కువ సైకిళ్ళలోనే గర్భం వచ్చింది. వీర్యం కూడా తక్కువగా ఉన్నప్పుడు ఐయూఐ మీద మూడు నెలలు పెట్టడం ఆమెకు న్యాయం కాదనిపించింది.

చట్టం వైపు పనులు ముందే చేసుకోవాలి. 2021 ఏఆర్‌టీ (సహాయక సంతాన సాంకేతికత) చట్టం ప్రకారం స్త్రీకి 21–50, పురుషుడికి 21–55 ఏళ్ళ మధ్యే చికిత్స. ఇద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఏదీ చేయకూడదు. ఓడ ఎక్కేలోగా అండాల సేకరణ, ఫ్రీజింగ్, పిండం పెట్టడం, అన్ని ఫారాల మీదా ఆయన సంతకాలు వేరువేరుగా తీసుకున్నాం. ఫ్రీజ్ చేసిన పిండం సిద్ధంగా ఉండి, సంతకం లేక నెల పోయిన సందర్భాలు ఉన్నాయి. ఆయన వీర్యం కూడా రెండు వయల్స్ ముందుజాగ్రత్తగా ఫ్రీజ్ చేశాం. అండాలు తీసే రోజు పొద్దున్న ఒత్తిడికి నమూనా ఇవ్వలేకపోవడం కొత్తేమీ కాదు.

అండాలు పెంచే మందులు: నెలసరి రెండో రోజు నుంచి రోజుకు ఎఫ్ఎస్‌హెచ్ 225, హెచ్ఎంజీ 75, మొత్తం 300 యూనిట్లు, రోజూ రాత్రి ఒకే వేళకు, బొడ్డు పక్కన చర్మం కింద. ఇంజెక్షన్లు 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ డోర్‌లో కాకుండా మధ్య అరలో పెట్టాలి, ఫ్రీజర్‌కు ఆనించకూడదు. గడ్డకట్టిన మందు పనిచేయదు. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ముందే చెప్పాలి: తలుపు తీయకుండా ఉంచడం, గంటల తరబడి పోతే ఐస్ ప్యాక్‌కు గుడ్డ చుట్టి పెట్టడం. ఆరో రోజు నుంచి సెట్రోరెలిక్స్ 0.25 మి.గ్రా. కలిపాం, లేకపోతే అండాలు ముందే విడుదలైపోతాయి. పదో రోజుకు మూడు ఫాలికల్స్ 17 మి.మీ. దాటాయి.

ఈ చికిత్స మొత్తంలో గడియారం చూసి చేయాల్సింది ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలను చివరగా పక్వం చేసేది). రాత్రి 10 గంటలకు ట్రిప్టోరెలిన్ 0.2 మి.గ్రా. ఇస్తే, ఎల్లుండి ఉదయం 9.30కి అండాలు తీస్తాం, అంటే 35న్నర గంటలు. గంటల తేడాతో ఇచ్చి, ఆ మాట దాచితే అండాలు ఫాలికల్ గోడను వదలక ఖాళీ నీరే రావచ్చు, లేదా అప్పటికే విడుదలై ఉండొచ్చు. అందుకే ఇంజెక్షన్ వేసుకుంటుండగా గోడ గడియారం కూడా కనిపించేలా ఫోటో తీసి పంపమంటాం. ఆలస్యమైతే తిట్టం, ఆపరేషన్ టైము జరుపుకుంటాం అని ముందే చెబితేనే నిజం చెబుతారు.

మొదటిసారి 6 అండాలు, వాటిలో పక్వమైనవి 5. ఇక్సీ పద్ధతిలో (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపడం) 4 ఫలదీకరణం చెందాయి. అయిదు, ఆరు రోజులకు బ్లాస్టోసిస్ట్ దశకు (గర్భసంచిలో పెట్టడానికి సిద్ధమైన పిండం) చేరినవి 2. రెండోసారి 5 అండాలు, 4 పక్వం, 3 ఫలదీకరణం, 1 బ్లాస్టోసిస్ట్. ఇలా తగ్గుతూ పోవడం మామూలే: పక్వమైనవి మూడొంతులు, ఫలించినవి వాటిలో 70 శాతం దాకా, బ్లాస్టోసిస్ట్ దశకు సగం లేదా అంతకన్నా తక్కువ. ఈ అంకెలు ముందే కాగితం మీద వేసి చూపిస్తే, "ఆరు అండాలు వచ్చాయి కదా, రెండే పిండాలేంటి" అన్న గుండెకోత కొంత తగ్గుతుంది. మొత్తం మూడు పిండాలు ఫ్రీజ్ అయ్యాయి. 38 ఏళ్ళ అండాలతో వచ్చిన పిండాల్లో సుమారు సగానికి క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉంటుంది.

పిండం మీద పీజీటీ-ఏ (క్రోమోజోముల లెక్క చూసే) పరీక్ష చేయించాలా అన్నది బాగా చర్చించాం. మూడే పిండాలున్నప్పుడు ఆ పరీక్ష వల్ల బిడ్డ పుట్టే మొత్తం అవకాశం పెరగదు. ఏ పిండం ముందు పెట్టాలో చెబుతుంది, కొన్ని గర్భస్రావాలను తప్పిస్తుంది, అంతే. ఖర్చూ బయాప్సీ రిస్కూ విని, దంపతులు వద్దన్నారు. ఆ నిర్ణయానికి తగ్గ నొప్పి తర్వాత వచ్చింది, కానీ నిర్ణయం తప్పని మేం అనుకోవడం లేదు.

రెండో సేకరణ మర్నాడు రుబెల్లా రక్షణకు ఎంఎంఆర్ టీకా వేశాం, నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మొదటి రిపోర్టు రోజునే మొదలైంది. టీఎస్‌హెచ్ ఆరు వారాలకు 2.1. టెల్మిసార్టన్ ఆపి లెబెటలాల్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చాం. సార్టన్లు, ప్రిల్‌తో ముగిసే బీపీ మందులు కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. ముప్పై అయిదు దాటి, బీపీ మాత్ర వేసుకుంటూ, గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలు ఇప్పుడు ఎంతోమంది. ఆ మాత్ర రాసిన ఫిజీషియన్‌కు పిల్లల ఆలోచన గురించి తెలియదు, గైనకాలజిస్టుకు మాత్ర గురించి తెలియదు. ఆమె వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసి తెమ్మనడం ఒక్కటే దారి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు సరిపోతుంది, 5 మి.గ్రా. మాత్ర షుగర్ ఉన్నవారికి, మూర్ఛ మందులు వాడేవారికి, ముందు బిడ్డకు వెన్ను లోపం ఉన్నవారికి.

మొదటి పిండం, మూఢం, రెండో పిండం

నాలుగో నెలలో మొదటి పిండం పెట్టాం. ఆయన అప్పటికే సింగపూర్ దాటారు. పరీక్ష పాజిటివ్, ఆరు వారాలకు గుండె చప్పుడు కనిపించింది, ఎనిమిదో వారం స్కాన్‌లో ఆగిపోయింది. మిఫెప్రిస్టోన్ 200 మి.గ్రా., ఆ తర్వాత మిసోప్రొస్టాల్ 800 మైక్రోగ్రాములతో ఆసుపత్రిలోనే పూర్తయింది. కణజాలం క్రోమోజోమ్ పరీక్షకు పంపితే ట్రైసమీ 16 (16వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండడం) వచ్చింది. గర్భస్రావాల్లో అన్నిటికన్నా ఎక్కువగా దొరికే ట్రైసమీ ఇదే. ఆ కాగితం ఆమెకు ఎంత అవసరమో చెప్పలేం. మెట్లు ఎక్కినందుకా, ఆఫీసుకు వెళ్ళినందుకా, బొప్పాయి తిన్నందుకా అని ఇంట్లో జరుగుతున్న విచారణ ఆ రోజుతో ఆగింది. 35 దాటినవారికి గర్భం పోతే ఈ పరీక్ష చేయించడం మా పద్ధతి.

తర్వాతి పిండం పెట్టే నెల మూఢంలో పడింది. అత్తగారు, "మూఢంలో వద్దమ్మా, వెళ్ళిపోయాక పెట్టించుకోండి" అన్నారు. మాకు అభ్యంతరం లేదన్నాం. ఫ్రీజ్ అయిన పిండానికి నెల ఆలస్యమైతే నష్టం లేదు. అది 38 ఏళ్ళ వయసు దగ్గరే ఆగి ఉంటుంది. ఇదే అండాల సేకరణ అయితే మంచిరోజుల కోసం ఆగమని మేం చెప్పం. ఈ తేడా పెద్దవాళ్ళకు విడమరచి చెబితే అర్థం చేసుకుంటారు.

గర్భసంచిని సిద్ధం చేయడానికి రెండు దారులున్నాయి: ఈస్ట్రోజన్ మాత్రలతో కృత్రిమంగా, లేదా ఆమె సొంత నెలసరినే అనుసరించి. మాత్రల పద్ధతి తేదీలు కుదుర్చుకోవడానికి సులువు కాబట్టి ఎక్కువగా వాడతారు. కానీ అందులో అండం విడుదల కాదు, కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక మిగిలి హార్మోన్లు ఇచ్చే భాగం) ఉండదు. అలా వచ్చిన గర్భాల్లో బీపీ సమస్య, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి అవయవాలు దెబ్బతినే స్థితి) ఎక్కువగా కనిపిస్తాయి. ముందే బీపీ ఉన్న 38, 39 ఏళ్ళ స్త్రీకి, నెలసరి క్రమంగా వస్తున్నప్పుడు, సహజ సైకిల్ మంచిది. పదో రోజు నుంచి రోజు మార్చి రోజు స్కాన్‌కు రావాలి, ఆదివారం పడినా రావాలి. ట్రిగ్గర్ ఇచ్చిన ఏడో రోజున ఒక్క పిండం పెట్టాం. "రెండూ పెట్టేయండి, కవలలైతే ఒకేసారి అయిపోతుంది" అని దాదాపు ప్రతి దంపతులూ అడుగుతారు. ఈ వయసులో, బీపీతో, కవలలంటే నెలలు నిండకముందే కాన్పు, రక్తస్రావం, ఐసీయూ. ఒప్పుకోలేదు.

గర్భం నిలిచాక

పాజిటివ్ వచ్చిన రోజే థైరాయిడ్ మాత్ర పెంచాలి. రోజుకు ఒకటి వేసుకునేవారు వారానికి రెండు అదనంగా, అంటే ఏడుకు బదులు తొమ్మిది. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అన్ని మాత్రలూ టిఫిన్ తర్వాత ఒకేసారి మింగేయడం వల్ల టీఎస్‌హెచ్ పెరిగిపోయి, డోసు చాల్లేదనుకుని పెంచుకుంటూ పోవడం తరచూ చూస్తాం.

పదకొండో వారంలో ఎన్ఐపీటీ (తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ చూసే పరీక్ష), పన్నెండో వారంలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి మందం), డబుల్ మార్కర్ రక్తపరీక్ష. ఇక్కడ ఒక చిన్న గడి పెద్ద గందరగోళం చేస్తుంది. ల్యాబ్ ఫారంలో తల్లి వయసు అడుగుతారు. ఐవీఎఫ్ గర్భానికి కావలసింది అండం తీసిన నాటి వయసు, ఇప్పటి వయసు కాదు. ఆమె ప్రస్తుతం 38 దాటి 39 దగ్గర ఉంది, అండం 38 ఏళ్ళ 3 నెలలది. దాత అండమైతే దాత వయసు రాయాలి. లేకపోతే ఇరవయ్యేళ్ళ తేడాతో రిస్కు తప్పుగా వస్తుంది. డౌన్ సిండ్రోమ్ రిస్కు 30 ఏళ్ళకు సుమారు 900లో ఒకరికి, 35కి 350లో ఒకరికి, 40కి 100లో ఒకరికి. ఎన్ఐపీటీ కచ్చితత్వం ఎంత ఉన్నా అది స్క్రీనింగే. రిస్కు ఎక్కువ వస్తే ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారించుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఆ పరీక్ష 15 వారాలు దాటాక చేస్తారు, ఫలితానికి రోజులు పడతాయి, 24 వారాల హద్దు దాటితే మెడికల్ బోర్డుకు వెళ్ళాలి. అందుకే పదకొండో వారమే మొదలుపెట్టాలి. ఆమెకు అన్నీ తక్కువ రిస్కులోనే వచ్చాయి.

పన్నెండో వారం నుంచి ఆస్పిరిన్ 150 మి.గ్రా., రాత్రి పడుకునే ముందు, 36 వారాల దాకా. 2017 నాటి ఆస్ప్రే ట్రయల్‌లో ఈ మోతాదుతో 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 60 శాతం పైగా తగ్గింది. 16 వారాలు దాటాక మొదలుపెడితే ఆ లాభం ఉండదు. రోజుకు 75 సరిపోతుందని మెడికల్ షాపులో మార్చి ఇచ్చినా ఒప్పుకోవద్దు.

24 వారాలకు డిప్సి పద్ధతిలో (గర్భిణుల షుగర్ పరీక్ష) 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి రెండు గంటలకు చూస్తే 162, హద్దు 140. ముందే అంచున ఉన్న షుగర్ ఇలా బయటపడడంలో ఆశ్చర్యం లేదు. అన్నం పూటకు వండినది ఒక కప్పు, ముందు కూర, పప్పు, గుడ్డు లేదా చేప తిని తర్వాత అన్నం. ఉత్తరాంధ్ర ఇళ్ళలో చోడంబలి (రాగి జావ) షుగర్‌కు మంచిదని గ్లాసుల కొద్దీ తాగిస్తారు. చోళ్ళు మంచివే, కానీ పల్చగా మరిగిన జావ గబగబా అరిగి గంటలోనే షుగర్ పెంచుతుంది. ఆమె మీటర్‌లో అంబలి తాగిన గంటకు 171, అదే పెసరట్టు తిన్న గంటకు 132. ఈ రెండు అంకెలు చూశాక ఇంట్లో వాదన అవసరం లేకపోయింది. తిన్న గంటకు 140, పరగడుపున 95 లోపు ఉండాలి. పగటివి సర్దుకున్నా పరగడుపు అంకె 98–104 దగ్గరే ఆగింది. అది ఆహారంతో తగ్గేది కాదు. మెట్‌ఫార్మిన్, ఆపైన రాత్రి పడుకునే ముందు ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ 6 యూనిట్లు.

28, 32, 36 వారాల్లో ఎదుగుదల స్కాన్లు బాగున్నాయి. 36 వారాలకు బీపీ 146/94, మూత్రంలో ప్రొటీన్ లేదు, లెబెటలాల్ పెంచాం.

కాన్పు

"డాక్టరమ్మగారూ, ఈ వయసులో నొప్పులు తట్టుకోలేదండీ, పెద్దాపరేషన్ చేసేయండి" అని అత్తగారు. వయసు ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. 2016లో వచ్చిన 35/39 ట్రయల్, 35 దాటిన తొలి గర్భిణులకు 39వ వారంలో నొప్పులు రప్పిస్తే సిజేరియన్లు పెరగలేదని చూపించింది. బీపీ, ఇన్సులిన్ రెండూ ఉన్నాయి కాబట్టి మేం 38 వారాల 2 రోజులకు నిర్ణయించాం. వయసు పెరిగేకొద్దీ నెలలు నిండాక కడుపులో బిడ్డ పోయే ప్రమాదం పెరుగుతుంది. 40 వారాల దాకా చూద్దామన్న మాట ఇక్కడ చెల్లదు. ఒకే ప్రాంగణంలో బ్లడ్ బ్యాంకు, ఐసీయూ, నవజాత శిశు విభాగం ఉన్నచోటే ఈ కాన్పు జరగాలి.

గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవడానికి ఫోలీ క్యాథెటర్ బుడగలో 60 మి.లీ. సెలైన్ నింపి పన్నెండు గంటలు ఉంచాం. తర్వాత ఉమ్మనీటి సంచి చిదిమి, నొప్పులు తెచ్చే ఆక్సిటోసిన్. షుగర్ గంటగంటకూ చూస్తూ 70–126 మధ్య ఉంచాం. మొత్తం ఇరవై గంటలకు, చివర్లో వ్యాక్యూమ్ సాయంతో, 2.85 కిలోల పాప.

మాయ పడ్డాక గర్భసంచి మెత్తగా ఉండిపోయింది. వయసు, ఫైబ్రాయిడ్, గంటల తరబడి ఆక్సిటోసిన్ కలిసినప్పుడు ఇది ఎదురుచూడాల్సిందే. కింద పరిచిన, రక్తం కొలిచే షీటులో 500 మి.లీ. గీత దాటగానే మసాజ్, ఆక్సిటోసిన్ డ్రిప్, రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో నరంలోకి, నాలుక కింద మిసోప్రొస్టాల్ 800 మైక్రోగ్రాములు. 750 మి.లీ. దగ్గర ఆగింది, రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. ఇలాంటి సమయంలో లేబర్ రూమ్‌లో చెయ్యి అలవాటుగా మెథర్జిన్ (గర్భసంచిని బిగించే ఇంజెక్షన్) మీదికి పోతుంది. బీపీ ఉన్న స్త్రీకి అది పక్షవాతం దాకా తీసుకెళ్ళవచ్చు. ఆమె కేస్ షీట్ మొదటి పేజీలో, ట్రే మీద అంటించిన చీటీలో, రెండుచోట్లా ఎర్ర ఇంకుతో "మెథర్జిన్ వద్దు" అని ముందురోజే రాసి ఉంది. రాత్రి డ్యూటీ మారినా ఆ మాట మారకూడదు.

పాప షుగర్ రెండు గంటలకు 58, గంటలోపే తల్లిపాలు పట్టింది. తల్లికి మూడో రోజు బీపీ 152/98కి ఎగబాకింది. కాన్పు అయిపోయిందని బీపీ చూడడం మానేసేది ఈ రోజుల్లోనే. అది ఎక్కువయ్యేది మూడు నుంచి ఆరో రోజు మధ్య. పాలిచ్చే తల్లికి ఎనలాప్రిల్ ఇవ్వొచ్చు, ఇచ్చాం. ఇంటికి బీపీ మిషన్ ఇచ్చి, పది రోజులు రెండుపూటలా అంకెలు పంపమన్నాం. 155/100 దాటితే అర్ధరాత్రయినా రమ్మన్నాం. ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్షలో షుగర్ మామూలుకు వచ్చింది. ఏటా ఒకసారి చూసుకోవాలి. ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ కాన్పు రోజే ఆగిపోయాయి. థైరాయిడ్ మాత్ర పాత మోతాదుకు దిగింది.

ఇంకో పిండం ఫ్రీజర్‌లో ఉంది. చట్టం ప్రకారం పదేళ్ళ దాకా ఉంచుకోవచ్చు. ఏటా ఫీజు, రెన్యూవల్ ఫారం మీద ఇద్దరి సంతకాలు. దాని వయసు 38 దగ్గరే ఉంటుంది గానీ ఆమె గుండె, బీపీ, షుగర్‌లకు ఆ వెసులుబాటు లేదు. రెండో బిడ్డ కావాలంటే పద్దెనిమిది నెలల ఎడంతో, బరువు కాన్పుకు ముందున్న స్థాయికి వచ్చాక, బీపీ మందు మళ్ళీ మార్చి, అప్పుడు పెట్టాలన్నది ప్రణాళిక. అప్పటిదాకా గర్భనిరోధం తప్పదు. ఐవీఎఫ్‌తో పుట్టింది కదా, మామూలుగా ఎలాగూ రాదులే అనుకుని ఎనలాప్రిల్ వేసుకుంటూ ఉండగానే సహజంగా గర్భం వచ్చిన కేసులున్నాయి. ఆయన ఓడ దిగే తేదీకి ముందే కాపర్-టీ వేశాం.